పెళ్ళో చావో తేల్చమన్నారు

ఆ రోజు డ్యూటీ నాది కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఈ సంగతి విన్న మా ఆఫీసు కుర్రాళ్ళంతా మొదట అడిగేది, "మేడమ్, పెళ్ళికెళ్ళి ల్యాప్‌టాప్ ఎందుకు తెరిచారు?" అనే. తెరవక తప్పలేదు. తెరవమని రెండు వందల మంది అడిగారు.

ఉపగ్రహం మీద అమర్చిన ఒక గామా కిరణాల డిటెక్టరుతో గడిచింది నా ఉద్యోగం. ఆకాశంలో ఎక్కడో, చెప్పాపెట్టకుండా, గామా కిరణాల జల్లు ఒక్కసారి కురుస్తుంది. కొన్ని సెకన్లలో ఆగిపోతుంది. అందులో ఏ శక్తి కిరణాలు ఎన్ని వచ్చాయో లెక్కగట్టి ఒక వంపుగీత గీయడం మా పని. శక్తి వర్ణపటం అంటాం. ఆ గీత ఎక్కడ వంగిందో చూసి, అక్కడ ఏం జరిగిందో చెబుతాం. పెద్ద నక్షత్రం తన బరువుకి తానే కూలి చచ్చిపోతే వచ్చే జల్లు మెత్తగా ఉంటుంది, కాసేపు ఉంటుంది. రెండు చిన్న, బరువైన నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి కలిసిపోతే వచ్చేది గట్టిగా ఉంటుంది, చటుక్కున అయిపోతుంది. గట్టి అంటే ఎక్కువ శక్తి ఉన్న కిరణాల పాలు ఎక్కువని. ఇంతకు మించిన భౌతికశాస్త్రం మీకు ఇప్పుడు అక్కర్లేదు.

జల్లు పడిందని తెలియగానే డ్యూటీలో ఉన్నవాళ్ళు గీత గీసి, నాలుగు వాక్యాల కబురు ప్రపంచంలోని ఖగోళశాస్త్రజ్ఞులందరికీ పంపాలి. అది చదివి పెద్ద టెలిస్కోపులవాళ్ళు అటు తిప్పాలా వద్దా అని నిర్ణయించుకుంటారు. ఆలస్యం చేస్తే మిగిలిన కాస్త వెలుగూ ఆరిపోతుంది.

నేను రిటైరవడానికి కొద్ది నెలల ముందు మా తమ్ముడి కూతురి పెళ్ళి కుదిరింది. జంషెడ్‌పూర్‌లో. నేను పుట్టి పెరిగింది అక్కడే. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు కర్మాగారంలో పనికొచ్చి కాసిడీహ్ పేటలో ఉండిపోయాడు. నేను చదువు పేరుతో ఊరు దాటాను. తమ్ముడు అక్కడే ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజర్ అయ్యాడు. మేనత్తని కాబట్టి పెళ్ళిలో నాకు బోలెడు పనులు. అందుకని నా డ్యూటీని ఒక సహోద్యోగికి అప్పగించి వెళ్ళాను. జాగ్రత్త మనిషి. పెళ్ళిరోజు పొద్దున ఆ జాగ్రత్త మనిషికి పన్ను పోటు భరించరానిదై, పీకించుకోవడానికి వెళ్ళాడు.

మండపంలో అంతా సవ్యంగానే నడుస్తోంది. పెళ్ళికొడుకు ఇటు, పెళ్ళికూతురు అటు, మధ్యలో అడ్డుతెర. చెరో కొస పట్టుకుని ఇద్దరు మావయ్యలు. పంతులుగారు తొందర మీదున్నారు. ఊళ్ళోనే సోనారి పేటలో ఆయనకి ఇంకో గృహప్రవేశం ఉంది, స్కూటరు కూడా గేటు వైపు తిప్పి పెట్టుకుని వచ్చారు. సన్నాయి మోగుతోంది.

అప్పుడు నా చేతిసంచిలో అంబులెన్స్ మోగింది. నిద్రలో కూడా వినబడాలని అలర్టుకి ఆ మోత పెట్టుకున్నాను. దాని వెనకే సహోద్యోగి ఫోను. పళ్ళ మధ్య దూది, నాలుక మొద్దుబారిపోయి ఉంది. "మ్మేమ్... పేయింయి... పెయ్యయి..." అంటున్నాడు. సన్నాయి హోరులో నాకేమీ అర్థంకాక, మండపం పక్కకి జరిగి గట్టిగా అరిచాను.

"ఏంటీ? నక్షత్రం పేలిందా? పెద్దదేనా? చచ్చిపోయినట్టేనా?"

సరిగ్గా ఆ క్షణంలో సన్నాయి ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. నేను నిలబడింది పంతులుగారి మైకు పక్కన.

హాలంతా నా వైపు తిరిగింది. ముందు వరసలోంచి పెళ్ళికొడుకు పెదనాన్నగారు లేచారు. జుగ్సలాయి బజారులో పప్పుల గోడౌన్ ఉన్న టోకు వ్యాపారి. ఇచ్ఛాపురం అవతలి నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆ ఇంట్లో ఆయన మాటే చివరి మాట.

"ఏటి వదినగారూ, ఎవల నచ్చత్రం పేలిపోనాది?"

నేను నోరు తెరిచేలోగా వెనకనించి ఒక ముసలావిడ, "పెళ్ళికూతురి నచ్చత్రమేటమ్మా?" అంది. ఆ మాట వరసలు దాటుకుంటూ వెళ్ళింది. చివరి వరసకి చేరేసరికి పెళ్ళికూతురు కళ్ళు తిరిగి పడిపోయిందని అయింది. ఎవరో నిమ్మరసం పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. తెర వెనక నిక్షేపంగా కూర్చున్న మా పిల్ల ఆ గ్లాసు అందుకుని తాగేసింది.

"ఎవరి నక్షత్రమూ కాదు బావగారూ," అన్నాను. "మన ఇరవై ఏడింటిలోదీ కాదు. ఎక్కడో చాలా దూరంలోది. దానికి పేరు కూడా లేదు."

"పేరు నేపోతే మాత్తరం? సచ్చిపోయిందని మీరే అన్నారు గదా, మైకులో. ముగూర్తం ఏల సావు కబురొచ్చింది. దీనికి మైల ఉంటాదా, ఉండదా? పంతులుగారూ, మీరు సెప్పండి."

పంతులుగారు వాచీ చూసుకున్నారు. "చావో కాదో ముందు తేలాలి కదండీ."

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ ఎవరైనా తేలలేదు అంటే వివరించకుండా ఉండలేని జబ్బు ఒకటి ఈ ఉద్యోగం అంటిస్తుంది. "చావని ఇంకా చెప్పలేమండి. అలర్టు ప్రకారం జల్లు సుమారు రెండు సెకన్లు ఉంది. సరిగ్గా సరిహద్దు మీద. రెండు నక్షత్రాలు కలిసిపోయినా ఇలా అవ్వచ్చు," అన్నాను.

మా తమ్ముడు ఆ మాట పట్టేసుకున్నాడు. "కలిసిపోడవంటే పెళ్ళిలాటిదే గదా అప్పా?" మా వైపు అక్కని అప్ప అంటారు.

"ఒక రకంగా."

"అద్గదీ! పెళ్ళే!"

"ఒక రకంగా అన్నారు," అన్నారు పెదనాన్నగారు. "ఒక రకంగా అంటే నాను సరుకు కొనను. పెళ్ళా, సావా? తేల్చండి. తేలినాకే తెర దించుదాం."

పంతులుగారు పంచాంగం చూసి ముహూర్తం ఇంకా కాసేపు ఉందనీ, గృహప్రవేశానికి మాత్రం అంత ఉండదనీ అన్నారు. తెర పట్టుకున్న మావయ్యలు చేతులు మార్చుకున్నారు. తెరకి ఇటునించి మా పిల్ల, "బువా, జల్దీ బతావో నా, భూఖ్ లగీ హై," అంది, అత్తా తొందరగా చెప్పు, ఆకలేస్తోందని. తెరకి అటునించి పెళ్ళికొడుకు, "ముఝే భీ," తనకీ ఆకలేనని అన్నాడు. ఆ రోజు వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మొదటి మాటలు అవే.

నా ఉద్యోగంలో ఎన్నో గీతలు గీశాను. ఒక్కోదాన్ని పరిశోధన పత్రికల సమీక్షకులు నెలల తరబడి తిప్పి పంపేవారు. మా డైరెక్టరు ఒకసారి నేను మాట్లాడుతుండగానే నిద్రపోయాడు. ఒక వర్ణపటం ఫలితం కోసం భోజనాలు మానుకుని ఇంతమంది ఎదురుచూడటం అదే మొదలు, అదే ఆఖరు.

ల్యాప్‌టాప్‌కి చాలినంత నెట్ వంటల దగ్గర తప్ప ఎక్కడా రాదని ఎవరో చెప్పారు. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని అక్కడికి వెళ్ళాను. ఉల్లిపాయల బస్తా మీద కూర్చుని, అలవాటుకొద్దీ వెంట తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌ని బోర్లించిన డేగిసా మీద పెట్టాను. "అమ్మా, అది వేడిగున్నాది, సూసుకోండి," అన్నాడు వంటాయన. పెదనాన్నగారు పక్క బస్తా మీద కూర్చున్నారు. తూకం ఆయన కళ్ళముందే జరగాలట. మా తమ్ముడు నా భుజం వెనక నిలబడ్డాడు.

ఉపగ్రహం నుంచి దిగిన డేటా వచ్చింది. డిటెక్టరు మీద జల్లు లేనప్పుడు కూడా ఏవో కిరణాలు పడుతూనే ఉంటాయి. వాటిని బ్యాక్‌గ్రౌండ్ అంటాం. ముందు దాన్ని తీసేస్తే మిగిలేదే జల్లు. నేను తీసేస్తుంటే పెదనాన్నగారు వంగి చూశారు.

"ఏటి తీత్తన్నారు?"

"జల్లుది కానిది. గోనెసంచీ బరువు లాంటిది."

"ఎక్కువ తీసీకండి. ఆడపెళ్ళివారి వైపు మొగ్గుతాది."

సహోద్యోగి మళ్ళీ ఫోను చేశాడు. స్పీకరులో పెట్టాను. "బా... బా..." అన్నాడు ఆత్రంగా. నేను చేస్తున్నదంతా అతని ఫోనులోనూ కనబడుతోంది. "బావుందా? థాంక్యూ," అన్నాను. "బా!" అన్నాడు. "బావుంది, బావుంది," అని పెట్టేశాను.

గీత వచ్చింది. ఎక్కువ శక్తుల వైపు బలంగా లేచి, చాలా దూరం పోయి వంగింది. గట్టి జల్లు. కలయికే కావచ్చు. ఇంకోసారి సరిచూద్దామని నేను అనుకుంటున్నాను. కానీ నా ముఖంలో ఏం కనబడిందో, మా తమ్ముడు అప్పటికే పరిగెత్తాడు. మైకులో అతని గొంతు వంటశాల దాకా వినబడింది.

"పెళ్ళే! పెళ్ళేనట! మా అప్ప తేల్చీసింది! సన్నాయెత్తండి!"

చప్పట్లు. సన్నాయి. వెనక వరసలవాళ్ళు ఉత్సాహం ఆపుకోలేక అక్షింతలు వేసేశారు. "ఇప్పుడు కాదండీ! ఇంకా జీలకర్రా బెల్లం కూడా అవలేదు!" అని పంతులుగారు మొత్తుకోవడం వినబడింది.

అప్పుడు నా ఫోనులో ఒక మెసేజ్ పడింది. సహోద్యోగి. "బ్యాక్‌గ్రౌండ్ ముందువైపే తీసుకున్నారు. రెండు వైపులా తీసుకోండి. ఉపగ్రహం ఆ ప్రాంతం వైపు వెళుతోంది."

భూమి చుట్టూ తిరిగే దారిలో ఒకచోట విద్యుదావేశం ఉన్న కణాలు దట్టంగా ఉంటాయి. అటు దగ్గరవుతున్నకొద్దీ బ్యాక్‌గ్రౌండ్ పెరుగుతుంది. ముందున్న తక్కువ విలువే తీసేస్తే, ఆ పెరిగిన భాగమంతా జల్లులో కలిసి గట్టిదానిలా కనబడుతుంది. ఇంతసేపూ మెసేజ్ ఎందుకు పెట్టలేదయ్యా అని తర్వాత అడిగితే, "మీరు బావుంది బావుంది అన్నారు కదా మేడమ్, నా మాట అర్థమైందనుకున్నాను," అన్నాడు.

మళ్ళీ మొదలుపెట్టాను.

"ఏటి, మళ్ళీ తీత్తన్నారు? సంచీ బరువు ఇందాక తీసీసారు గదా?"

"ఇందాక పొడి సంచీ అనుకున్నాను బావగారూ. సంచీ తడిసింది."

"వానాకాలంలో నానూ అదే సెప్తాను. ఎవడూ నమ్మడు."

ఈసారి రెండు వైపులా తీసుకుని గీశాను. గీత మెత్తబడింది. వంపు ఎడమవైపుకి, తక్కువ శక్తులవైపుకి జరిగిపోయింది. ఇంకోలా గీశాను. అక్కడే. మూడో విధంగా గీశాను. అక్కడే. బయట సన్నాయి మంచి ఊపు మీదుంది. వంటాయన కూడా గరిటెతో ఇంకో డేగిసా మీద తాళం వేస్తున్నాడు.

పెదనాన్నగారు ల్యాప్‌టాప్ తెర మీద వేలు పెట్టారు. "ఈ మలుపు ఇందాక ఇక్కడ నేదు."

"లేదు."

"ఇప్పుడేటయింది?"

మా తమ్ముడి ముఖం గుర్తొచ్చింది. అప్పుడే మైకులో అరిచిన ముఖం. ఈ పెళ్ళి కోసం వాడు ఎన్నాళ్ళనించి తిరిగాడో నాకు తెలుసు. పిల్లలిద్దరికీ ఒకరంటే ఒకరికి ఎంత ఇష్టమో కూడా తెలుసు. ఎక్కడో ఆకాశంలో జరిగినదానికి వీళ్ళ పెళ్ళి ఆగిపోతే, ఆ కబురు మోసుకొచ్చింది నేనవుతాను. అబద్ధం చెప్పడం నాకు రాదని అనుకోకండి. ఇరవై ఏళ్ళు వార్షిక నివేదికలు రాశాను. కానీ ఆ గీతని చూస్తూ, పక్కనే దాన్నే చూస్తున్న మనిషితో, ఇది ఇంకొకటి అని చెప్పడానికి నోరు రాలేదు.

"చావండి బావగారూ."

"కచ్చితవేనా?"

"నూటికి నూరుపాళ్ళూ అనలేను. పెళ్ళని మాత్రం చెప్పలేను."

"మీ తమ్ముడు మైకులో సెప్పీసాడు."

"అవును."

"మీరూరుకుంటే నాకేటి తెలుత్తాది?"

"మీరు ఇక్కడే కూర్చున్నారు కదండీ."

ఆయన నన్ను ఒకసారి, గీతని ఒకసారి చూశారు. లేచి నిలబడి, గుమ్మం దగ్గరికెళ్ళి గోడౌన్‌లో కూలీల్ని పిలిచే గొంతుతో, "పంతులుగారూ! ఇలా రండి! సన్నాయి ఆపీయండి!" అని కేకేశారు. నా పని అయిపోయిందనుకున్నాను.

పంతులుగారు వచ్చారు. వెనకే మా తమ్ముడు. నేను ఇంకోసారి చెప్పాను. తమ్ముడు కింద కూర్చుండిపోయాడు.

"ఎప్పుడు పోయింది?" అన్నారు పంతులుగారు.

"దూరం తెలిస్తేగానీ చెప్పలేను. తక్కువలో తక్కువ కోట్ల ఏళ్ళు అయుంటుంది. వెలుగు ఇప్పటికి మన దాకా వచ్చింది."

"కోట్ల ఏళ్ళా!" పంతులుగారి ముఖం విచ్చుకుంది. "అది ముందే చెప్పాలి కదమ్మా! ఏడాది దాటాక కబురందితే మైల పట్టే పనిలేదు. ఒట్టి స్నానంతో సరి. అదీ మనవాళ్ళయితేనే. దాని గోత్రం మనకి తెలియదు కాబట్టి, అనుమానానికి స్నానం చేసేస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు."

"ఎవలు సెయ్యాలి?" అన్నారు పెదనాన్నగారు.

"కబురు విన్నవాళ్ళు."

అందరం హాలు వైపు చూశాం. మైకు పుణ్యమా అని విన్నవాళ్ళు రెండు వందల మంది. పంతులుగారికి స్కూటరు గుర్తొచ్చినట్టుంది. "మొదట విన్నవాళ్ళు, కళ్ళారా చూసినవాళ్ళు చాలు," అని సవరించారు.

"అయితే వదినగారు. నానూ సూసాను. ఆ ఫోనాయన కూడా," అన్నారు పెదనాన్నగారు. ఎవరినీ వదిలే మనిషి కాదు.

సహోద్యోగికి ఫోను చేశాను. "వెంటనే స్నానం చెయ్యండి," అన్నాను. "బా?" అన్నాడు. "బాగానే ఉన్నాను, మీరు స్నానం చెయ్యండి. రిపోర్టు నేను పంపుతాను." చేశాడు. ఎందుకో అడగలేదు. జాగ్రత్త మనిషి అని చెప్పాను కదా.

నేను కబురు టైపు చేసి ఉంచాను. పంపే బటన్ మీద వేలు పెట్టబోతుంటే, "ముట్టుకోకండి! తానం ముందు!" అన్నారు పెదనాన్నగారు. అలా, ప్రపంచంలో ఏయే టెలిస్కోపులు ఆ నాలుగు వాక్యాల కోసం ఎదురుచూస్తున్నాయో గానీ, నేను వంటశాల వెనక కుళాయి దగ్గర పట్టుచీరతో, పప్పు కడిగే బకెట్టుతో తలారా స్నానం చేశాను. పక్క కుళాయి కింద పట్టుపంచెతో పెదనాన్నగారు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఆయన పళ్ళు పటపటలాడుతుండగా, "పెద్దదేనా అది?" అని అడిగారు. "చాలా పెద్దదండి," అన్నాను.

తడిచేతిని వంటాయన తువ్వాలుకి తుడుచుకుని కబురు పంపాను. తెర దించారు. జీలకర్రా బెల్లం అయింది. ఈసారి అక్షింతలు సమయానికే పడ్డాయి. మా పిల్ల తల తిప్పి చూసి, "బువా, ఆప్ భీగీ క్యోం హో?" అని ఎందుకు తడిశానో అడిగింది. తర్వాత చెబుతానన్నాను. పంతులుగారు తాళి అవుతూనే స్కూటరెక్కారు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి ఒక్క సలహా. బ్యాక్‌గ్రౌండ్ రెండు వైపులా తీసుకోండి. మిగతావి పుస్తకాల్లో ఉన్నాయి.

ఆ కబురు చూసి ఒక పెద్ద టెలిస్కోపు అటు తిరిగింది. ఆరిపోతున్న వెలుగు దొరికింది. కొన్ని వారాలకి అదేచోట, కూలిపోయిన నక్షత్రం నుంచి మాత్రమే వచ్చే వెలుగు మెల్లగా పెరిగి తగ్గింది. మా గీత నిజమే చెప్పింది.

రిటైరయ్యాక జంషెడ్‌పూర్ తిరిగొచ్చి సోనారిలో ఇల్లు తీసుకున్నాను. ఒక సాయంత్రం పెదనాన్నగారు ఆటో దిగారు. చేతిలో కందిపప్పు సంచీ. టీ ఇచ్చి, టెలిస్కోపు సంగతంతా చెప్పాను. కప్పు కింద పెట్టి విన్నారు.

"అయితే సచ్చిపోయిన మాట నిజవే."

"నిజమేనండి."

"మన సూర్యుడి సుట్టూ మనం తిరుగుతాం గదా. దాని సుట్టూ తిరిగినోళ్ళు ఎవలేనా ఉన్నారా?"

నా ఉద్యోగమంతటిలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. సమీక్షకులు అడగలేదు, విద్యార్థులు అడగలేదు, నేనూ అడగలేదు.

"మా కొలతలో అది రాదు బావగారూ."

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. సోనారి విమానాశ్రయం మీద చిన్న విమానం ఒకటి దిగుతోంది.

"పాపం," అన్నారు.

టీ చల్లారిపోయింది. మళ్ళీ పెట్టి తీసుకొచ్చాను.